తర్వాత ఏమాయప్పా?

1999 జూన్ 11, శుక్రవారం. పొద్దున్నుంచి మబ్బు పట్టి ఉండింది, ఒక్క చినుకు రాలలేదు. గాలి మాత్రం పడమటి నుంచి ఎర్రమట్టిని ఎత్తుకొచ్చి మొహాన కొట్టింది. పొద్దు వాలేసరికి ఆ మబ్బును కూడా గాలే తూర్పుకు తోసుకుపోయింది. బెళుగుప్ప చుట్టుపక్కల పల్లెలకు ఇది కొత్త కాదు. వేరే ప్రాంతాల్లో జూన్ అంటే వానకాలం. అక్కడ గాలికాలం.

ఆ రాత్రి తుమ్మలదిన్నె పెద్దన్న పాడుబడిన టాకీసులో, తెరగోడ వెనక, తెల్ల దుప్పటి కప్పుకుని కూర్చున్నాడు.

చీకటి పడ్డాక ఆ టాకీసు దరిదాపులకు ఎవరూ వెళ్లరు. మెయిన్ రోడ్డులో బస్సు దిగి ఊళ్లోకి నడిచే మట్టిదారి పక్కనే ఉంటుంది. దాన్ని దాటవలసి వస్తే మగవాళ్లు కూడా గొంతెత్తి మాట్లాడుకుంటూ దాటుతారు. ఒంటరిగా ఉన్నవాళ్లు పరుగెత్తుతారు.

ఒకప్పుడు అది టూరింగ్ టాకీసు. పైన బోదగడ్డి కప్పు, ముందు ఇసుక మీద నేల క్లాసు, వెనక బెంచీలు, ఆడవాళ్లకూ మగవాళ్లకూ మధ్య నడుమెత్తు గోడ. సాయంత్రం దేవుడి పాట రికార్డు వేస్తే నాలుగు పల్లెల్లో అన్నాలు త్వరగా తినేవాళ్లు. ఇసుకను కుప్పగా పోసుకుని దాని మీద కూర్చుంటే ముందువాడి తల అడ్డం రాదు. వెనకవాడు ఊరుకుంటాడా, ఇంకా ఎత్తు కుప్ప పోసుకుంటాడు. సినిమా మొదలయ్యే ముందు నేల క్లాసంతా చిన్న చిన్న దిబ్బలతో చెదల పుట్టల మాదిరి కనిపించేది. ఇప్పటి కుర్చీల్లో ఆ సుఖం లేదు. అది వేరే సంగతి.

ఆపరేటర్ పేరు ఆంజినప్ప. ఒకరోజు రెండో ఆటలో రీలు అయిపోయింది, తర్వాతి రీలు రాలేదు. తెర తెల్లగా వెలుగుతూ ఉండిపోయింది. జనం ఈలలు వేశారు, అరిచారు, ఆంజినప్ప వంశాన్నంతా తిట్టారు. చివరికి ఎవరో నిచ్చెన ఎక్కి చూస్తే —

ఆంజినప్ప గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ఆఖరి రీలు ఒళ్లోనే ఉంది. ప్రాణం లేదు.

ఆ సినిమా చివర ఏమైందో ఆ రోజు ఎవరూ చూడలేదు. ఆ తర్వాత టాకీసు మూతపడింది. యజమాని మిషన్ అమ్ముకున్నాడు, బోదకప్పు గాలికి పోయింది. మిషన్ గదికి పైకప్పు కూలింది, నేలా కూలింది. తెరకు ఎదురుగా, ఎత్తున ఒక గోడ, అందులో బొమ్మ వచ్చే రెండు చదరపు కన్నాలు మాత్రం మిగిలాయి. రాత్రిపూట ఆ కన్నాల్లో బీడీ నిప్పు కనిపిస్తుందని కొందరు, మిషన్ తిరుగుతున్న చప్పుడు వస్తుందని కొందరు చెప్పేవాళ్లు. చప్పుడు గాలిదని చదువుకున్నవాళ్లు అనేవాళ్లు. వాళ్లు కూడా పగలే అనేవాళ్లు.

అలాంటి చోట పెద్దన్న ఎందుకు కూర్చున్నాడంటే... కడుపుమంట. ఇంకో మాట లేదు.

తుమ్మలదిన్నెలో ఒక పద్ధతి ఉండేది. వేరుశనగ పండిన ఏళ్లలో ఏ సినిమా వచ్చినా అందరూ ట్రాక్టరెక్కి కళ్యాణదుర్గం పోయేవాళ్లు. వానలు ఎగ్గొట్టడం మొదలయ్యాక, బాగాలేని సినిమాకు ఊరంతా పోయి రావడం ఎవరికీ మనసొప్పలేదు. అందుకని ఊరి తరఫున ఒక మనిషిని పంపేవాళ్లు. బస్సు ఛార్జీ, టికెట్టు, ఒక బ్యాటరీ లైటు ఊరివి. అతను శుక్రవారం సినిమా చూసి ఆఖరి బస్సుకు దిగాలి. శనివారం సాయంత్రం చావిడి అరుగు మీద కూర్చుని కథ చెప్పాలి. చివర్లో ఒకే మాట — "పోదాం", లేదా "వద్దు".

"పోదాం" అన్నాడా, ఆదివారం మద్దిలేటి ట్రాక్టరు కదులుతుంది. ట్రాలీ నిండా ఆడవాళ్లు, పిల్లలు, సద్దిమూటలు. చూసొచ్చిన మనిషి మాత్రం ట్రాలీ ఎక్కడు. ఇంజన్ మీద, మద్దిలేటి పక్కన, మడ్గార్డు పైన కూర్చుంటాడు. ఊరు దాటేదాకా అందరూ ఆ మనిషినే చూస్తారు.

ఎన్నో ఏళ్లుగా ఆ మనిషి పెద్దన్న.

ఆ ఎండాకాలంలో ఆయనకు కంట్లో పొర తీశారు. కొన్నాళ్లు తెర చూడకూడదన్నాడు డాక్టరు. ఒక్క వారానికే కదా అని ఓబిలేషును పంపారు. ఓబిలేషు సైకిల్ షాపు కుర్రవాడు, పెళ్లి కాలేదు, డిగ్రీ మధ్యలో వదిలేశాడు. వాడు అరుగెక్కి కథ మొదలుపెట్టాడు... పొయ్యి మీద ఎసరు మరిగి ఇగిరిపోయినా ఆడవాళ్లు కదల్లేదు. విలన్ నడిస్తే వాడు విలన్‌లా నడిచాడు. పాట వస్తే పాడలేదు, ఆ పాటకు పక్క సీటులో ముసలాయన ఎలా తల ఊపాడో చూపించాడు. జనం పగలబడి నవ్వారు.

పెద్దన్న భార్య నాగలక్ష్మమ్మ అందరికంటే ముందు వరుసలో కూర్చుని నవ్వింది. ఆఖర్లో కొంగుతో కళ్లు తుడుచుకుంది.

ఇంటికొచ్చాక అంది: "ఆ పిల్లోడు చెప్తాంటే సినిమా కండ్ల ముందర ఆడినట్లుండాది. నువ్వు చెప్తే రేడియోలో ధరలు సదివినట్లుంటాది."

"అట్లనా? మరి ఇన్నేండ్లు ఎందుకు వింటివి?"

"ఇంకోడు లేకపాయ గదా."

పెద్దన్న ఆ రాత్రి అన్నం సగంలో లేచాడు.

కన్ను బాగైంది. అయినా మద్దిలేటి వచ్చి ప్రేమగా అన్నాడు: "ఈ వారం గూడా పిల్లోన్నే పోనీ మామా. నీ కండ్లకు రెస్టు ఇయ్యి."

తిట్టినా పెద్దన్న ఓర్చుకునేవాడు. ఆ ప్రేమను ఓర్చుకోలేకపోయాడు. ఆదివారం ట్రాక్టరు కదిలినప్పుడు మడ్గార్డు మీద ఓబిలేషు కూర్చున్నాడు. పెద్దన్న ట్రాలీలో, నల్లమ్మవ్వ సంచికీ ఒకరి మేక పిల్లకూ మధ్య కూర్చున్నాడు.

"యాల పెద్దన్నా, మొగం అట్ల పెట్టుకున్నావు?" అంది నల్లమ్మవ్వ. "మేక తొక్కిందా?"

ట్రాలీ అంతా నవ్వింది. అందుకే తెల్ల దుప్పటి. చేనుకాడ పడుకుంటానని ఇంట్లో చెప్పి వచ్చాడు. ఓబిలేషు ఆఖరి బస్సు దిగి ఇటే రావాలి. తెరగోడ పక్కన తెల్లగా ఏదో లేచి నిలబడితే చాలు... పిల్లవాడు మళ్లీ సినిమాకు పోతానని అనడు. అంతే, అంతకుమించి చెడ్డ ఉద్దేశం లేదు. ఉన్నా ఆ రాత్రి ఆయన ఒప్పుకునేవాడు కాదు.

బస్సు ఆగిన చప్పుడు... పోయిన చప్పుడు... తర్వాత గాలి.

గాలిలో ఒక గొంతు.

ఓబిలేషు సినిమా చెప్పుకుంటూ వస్తున్నాడు. తనకు తానే, గట్టిగా. భయం పోవడానికో, రేపటికి నోటికి రావడానికో — రెండూ కావచ్చు. టాకీసు ముందుకొచ్చేసరికి వాడి చెప్పు తెగింది. కూర్చున్నాడు. పిన్నీసు తీసి గుచ్చుకుంటూ, నోరు మాత్రం ఆపలేదు.

కథ అన్నదమ్ములది. అన్న లారీ డ్రైవరు. అన్న చేసిన నేరం తమ్ముడు మీదేసుకుని జైలుకు పోయాడు. ఏళ్లు గడిచాయి. విడుదల రోజు అన్న కొత్త చొక్కా ఒకటి చంకలో పెట్టుకుని, తల్లిని వెంటబెట్టుకుని జైలు ముందు నిలబడ్డాడు. గేటు తెరుచుకుంది. ఒకడొచ్చాడు, తమ్ముడు కాదు. ఇంకొకడొచ్చాడు, తమ్ముడు కాదు. గేటు మూసేస్తున్నారు —

ఓబిలేషు ఆగాడు. చెప్పు కాలికి తొడిగి చూసుకుంటున్నాడు.

పెద్దన్న చేతిలో దుప్పటి అంచు ఉంది. లేవడానికి అదే అదను. లేవలేదు. గేటు మూసేస్తున్నారు... తమ్ముడు యాడ? వాడు బతికున్నాడా? చెప్పు సంగతి తర్వాత చూసుకోరాదా ఈ వెధవ?

ఆయన నోటి నుంచి, ఆయన ప్రమేయం లేకుండానే, గుసగుసగా వచ్చేసింది —

"తర్వాత ఏమాయప్పా?"

ఓబిలేషు చెయ్యి గాలిలో ఆగిపోయింది.

తర్వాత వాడు మెల్లగా తల తిప్పి, తెరగోడ వైపు చూశాడు. అక్కడి నుంచి ఎత్తున ఉన్న కన్నాల వైపు చూశాడు.

"సామీ..." అన్నాడు వాడు. "నువ్వు... ఆపరేటర్ ఆంజినప్పవా?"

"ఊ."

తాను ఎప్పుడన్నాడో పెద్దన్నకు తెలియలేదు. ఇందాకటి మాట లాగానే ఇదీ నోరు జారిందనుకున్నాడు.

ఓబిలేషు పరుగెత్తలేదు. అక్కడే మోకాళ్లు ముడుచుకుని, కథ ఇంకొంత చెప్పాడు. తమ్ముడు అందరికంటే వెనక వచ్చాడు. ఒక కాలు లేదు. అన్న చంకలోంచి చొక్కా జారిపడింది.

"ఆ తల్లి ఏడ్సిందా?" అని గుసగుసలాడాడు పెద్దన్న.

"లేదు సామీ. ఊరికే చూస్తా నిలబడె."

"అందుకే నీకు ఏడుపొచ్చింటాది."

ఓబిలేషు ఆలోచించాడు. "అవును సామీ," అన్నాడు ఆశ్చర్యంగా. లేచి దులుపుకున్నాడు. "ఆఖరు మాత్రం రేపు అరుగు మీద చెప్తా. అంతా నీకే ఇడిస్తే మావాళ్లకేమి చెప్పేది? నన్ను పోనీ సామీ."

పోయాడు. మలుపు దాకా నడిచి, ఆ తర్వాత పరుగెత్తాడు.

ఆఖరు కోసం పెద్దన్న మర్నాడు అందరితో పాటు అరుగు ముందు కూర్చోవలసి వచ్చింది. మామకు గూడా నా కథ నచ్చినట్లుండాదే అన్నట్టు ఓబిలేషు ఆయన్ని చూసి నవ్వాడు. పెద్దన్న పళ్లు కొరుక్కున్నాడు.

ఆ తర్వాత ప్రతి శుక్రవారం అదే జరిగింది. గాలికాలం పోయింది, వేరుశనగ విత్తారు, సగం చేలల్లో మొలక మాడింది. సినిమాలు మాత్రం మారుతూనే ఉన్నాయి. ఓబిలేషు టాకీసు ముందు కూర్చునేవాడు. తెరగోడ వెనక నుంచి ప్రశ్నలు వచ్చేవి.

"హీరోయిన్ ఎట్లుండాది?"

"కొత్త పిల్ల సామీ. బొంబాయి నుంచి తెచ్చినారంట. ఆ పిల్ల ఏడిస్తే మనకు నవ్వు వస్తాది."

"నవ్వితే?"

"నవ్వితే భయం వస్తాది."

పెద్దన్న దుప్పటి నోట్లో కుక్కుకుని నవ్వాపుకునేవాడు.

"ఫైట్లు?"

"నాలుగు. ఆఖరిది సాగదీసినారు. నా పక్కనోడు నిద్రపోయి, లేసి, 'ఇంగా కొట్టుకుంటాండారా' అనె."

"ఫైటు పొడుగైతే ఎవరు గెలుస్తారో మనకు ముందే తెలిసిపోతాది. దానికి నిద్రొస్తాది."

"భలే చెప్పినావు సామీ!"

ఇన్నేళ్లలో పెద్దన్నతో ఎవరూ సినిమా గురించి ఇలా మాట్లాడలేదు. కథ విన్నారు, "పోదామా వద్దా" అని అడిగారు, లేచిపోయారు. ఆ పాట నీకెందుకు నచ్చింది, ఆ ముసలివాడు అట్లా ఎందుకన్నాడు... అని ఆయన ఎవరితో అనుకోవాలి? శుక్రవారం కోసం ఆయన ఎదురుచూడడం మొదలుపెట్టాడు. దుప్పటి అక్కరలేదని కూడా తెలుసు. చలికని తెచ్చుకునేవాడు.

అక్కడితో ఆగి ఉంటే ఈ కథ లేదు.

అరుగు మీద ఓబిలేషు ఆ జైలు గేటు సినిమాను మళ్లీ ఒకసారి చెప్పాడు. జనమే అడిగారు. వాడు తల్లి దగ్గర ఆగి, గొంతు తగ్గించి అన్నాడు: "ఆ తల్లి ఏడవలేదప్పా. అందుకే హాలంతా ఏడ్సినారు."

అరుగు చుట్టూ చప్పట్లు మోగాయి.

నాగలక్ష్మమ్మ ముక్కు చీదింది. పక్కనున్న మొగుడి మోచేతిని పొడిచింది. "యింటివా? ఎంత మాట చెప్పినాడు! ఇన్నేండ్లు సినిమాలు చూసినావు, నీకెప్పుడన్నా తోచెనా ఇట్లాంటిది?"

అది ఆయన మాట. ఆయన నోటి మాట! చెప్పుకోవడానికి లేదు. చెబితే చీకట్లో దుప్పటి కప్పుకుని కూర్చున్న సంగతి చెప్పాలి. తన మాటకే జనం చప్పట్లు కొడుతుంటే, తన భార్యే కళ్లు తుడుచుకుంటుంటే, మెచ్చుకోలు ఇంకొకడి ఒళ్లో పడుతోంది. పెద్దన్న కూడా చప్పట్లు కొట్టాడు. కొట్టకపోతే బాగుండదని.

దీపావళి ముందు వారం కళ్యాణదుర్గానికి ఒక పెద్ద సినిమా వచ్చింది. ఆ శుక్రవారం ఓబిలేషు టాకీసు ముందు కూర్చుంటూనే తల పట్టుకున్నాడు.

"దండగ సామీ. కథ లేదు. పాటకొకసారి మంచుకొండల కాడికి పోతారు, ఎట్ల పోయినారో ఎవురూ చెప్పరు. ఊళ్లో వద్దని చెప్తా."

తెరగోడ వెనక నుంచి మెల్లగా వచ్చింది.

"పోదామని చెప్పు."

"సామీ?"

"పోదామని చెప్పు."

"అబద్ధం చెప్పమంటావా సామీ? మాది ఊరి మాట. పండగ ముందర అందురూ..."

"చెప్పు."

ఓబిలేషు తెరగోడ వైపు చూడలేదు. తలెత్తి, ఆ రెండు కన్నాల వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. చెవి ఒగ్గినట్టు తల కొంచెం వాల్చాడు.

"సరే సామీ," అన్నాడు. కన్నాల మీంచి చూపు తిప్పకుండానే లేచాడు.

శనివారం అరుగు మీద కథ చెప్పకుండా ఒక్క మాటే అన్నాడు, "పోదాం" అని. ట్రాక్టరు కదిలింది.

ఆ ఆదివారాన్ని తుమ్మలదిన్నె చాలా కాలం మరిచిపోలేదు. సినిమాలో మంచుకొండలు వచ్చినప్పుడల్లా జనం మూలిగారు. మధ్యలో కరెంటు పోయింది, పోవడమే మేలైందన్నారు. తిరుగు దారిలో ట్రాలీ టైరు పంచరైంది. చంటిపిల్లలను ఎత్తుకుని చీకట్లో నడిచారు.

"ఓరే ఓబిలేషా," అంది నల్లమ్మవ్వ, ముళ్లు ఏరుకుంటూ. "ఆ సినిమా నువ్వు చూసినావా, నిద్రపోయినావా?"

"నీ చెల్లెలు గిన ఆడిందా దాంట్లో?" అన్నాడు ఇంకొకడు.

ఓబిలేషు వాళ్లకు లైటు చూపిస్తూ నడిచాడు. మద్దిలేటి అందరి ముందూ వాడి చేతిలోంచి బ్యాటరీ లైటు తీసి పెద్దన్నకిచ్చాడు. "మామా, మాదే తప్పు. ఇంగ మీద నువ్వే పో."

పెద్దన్న లైటు వేసి చూసుకున్నాడు. బాగానే వెలిగింది.

కార్తీకం వెళ్లింది. చలి ముదిరింది. ఒక శుక్రవారం పెద్దన్న దుర్గంలో సినిమా చూసి, ఆఖరి బస్సు దిగి, నడిచాడు. సినిమా బ్రహ్మాండంగా ఉంది. ఒక పల్లెటూరి మాస్టరు, ఆయన పోగొట్టుకున్న కూతురు, రైలు స్టేషన్లో ఒక గుడ్డి పాటగాడు. ఇంటర్వెల్లో సోడా తాగడం కూడా మరిచిపోయాడాయన. ఈసారి రేడియోలా చెప్పకూడదు. ఆ పిల్లవాడిలాగా చెప్పాలి. వాడికంటే బాగా చెప్పాలి. నాగలక్ష్మమ్మ కొంగు తడిసిపోవాలి...

అనుకుంటూ తానూ గట్టిగా కథ చెప్పుకోవడం మొదలుపెట్టాడు. మాస్టరు రైలు దిగాడు. ప్లాట్‌ఫారం మీద పాట వినిపించింది. ఆ పాట తన కూతురికి తానే నేర్పిన పాట. గుడ్డి పాటగాడి దగ్గరికి పోయి, "ఈ పాట నీకెవరు నేర్పినారు?" అని అడిగాడు —

ఊపిరి తీసుకోవడానికి ఆగాడు. టాకీసు ముందర ఉన్నాడు.

"తర్వాత ఏమాయప్పా?"

గుసగుస. చాలా దగ్గరగా కాదు. ఎత్తు నుంచి.

పెద్దన్న ఉలిక్కిపడి పైకి చూశాడు. ఆ వెంటనే నవ్వొచ్చింది. ఓహో! పట్టుకున్నాడన్నమాట. ఆ మాట ఈ లోకంలో ఇద్దరికే తెలుసు. ఒకడు తాను. ఇంకొకడు ఎక్కడో గోడ పట్టుకుని వేలాడుతూ తనను భయపెట్టాలని చూస్తున్నాడు.

విననీ. వినాలి వాడు. సినిమా చెప్పడమంటే ఏమిటో తెలుసుకోవాలి.

పెద్దన్న నేల క్లాసు ఇసుకలో కూర్చుని చెప్పాడు. పాటగాడి గొంతు మార్చాడు, రైలు కూత వేశాడు, మాస్టరు చెయ్యి వణకడం చూపించాడు. ఆగినప్పుడల్లా పైనుంచి "ఊ" వచ్చింది. ఇంత బాగా ఊ కొట్టేవాడు ఆయనకు జన్మలో దొరకలేదు. సరిగ్గా కావలసిన చోట...

ఆఖరు దగ్గరికొచ్చాడు. ఓబిలేషు ఆఖరు దాచుకునేవాడని గుర్తొచ్చింది. వాడికి చేతగాక దాచుకున్నాడు. నాకేమి? వాడి ముందు ఆఖరు చెప్పి, రేపు ఊళ్లో మళ్లీ చెప్పి, రెండుసార్లూ ఏడిపిస్తా.

చెప్పాడు. ఆఖరి మాట దాకా, ఏదీ మిగల్చకుండా.

పైన నిట్టూర్పు వినిపించింది. కడుపు నిండినవాడి నిట్టూర్పు.

"చాల్లేరా ఓబిలేషా," అన్నాడు పెద్దన్న లేస్తూ. "ఎట్లుండాది? దిగిరా, ఇద్దరం పోదాం."

లైటు వేశాడు. గోడ... గోడలో కన్నాలు. వెనక దారిన జారుకున్నాడు దొంగవెధవ అనుకుని, ఈల వేసుకుంటూ ఊరికి నడిచాడు.

ఊళ్లో చావిడి ముందు నెగడు మంట వెలుగుతోంది. ఇంత చలిలో, ఇంత పొద్దుపోయి, జనమంతా దుప్పట్లు కప్పుకుని కూర్చున్నారు. అరుగు మీద ఒక మనిషి నిలబడి, చేతులు ఊపుతూ, జైలు గేటు మూసేస్తున్నాడు.

ఓబిలేషు.

ముందు వరుసలో నాగలక్ష్మమ్మ.

పెద్దన్నకు కోపం రావాలి. రాలేదు. నాగలక్ష్మమ్మ పక్కకు నడిచాడు.

"వీడు... ఎప్పటినుంచి ఉండాడు ఈడ?"

"పొద్దు మునిగినప్పటినుంచి," అంది నాగలక్ష్మమ్మ తల తిప్పకుండా. "నేనే పిలుచుకొస్తి. తిట్టింది చాల్లే, పాత కథ ఒగటి చెప్పమంటి. రెండు కథలాయ. గమ్మున కూర్చో, తల్లి వస్తాది ఇప్పుడు."

పెద్దన్న కూర్చోలేదు. కూలబడ్డాడు.

కథ అయ్యాక ఓబిలేషు ఆయన్ని రెక్క పట్టుకుని పక్కకు తీసుకుపోయాడు. మొహం చూస్తూనే అర్థమైంది వాడికి.

"నిన్నూ అడిగినాడా మామా?"

"నువ్వు కాదా?"

"మామా, తెరగోడ కాడ కూసొని అడిగేది నువ్వని నాకు మొదటి రాత్రే తెలుసు. నీ గొంతు నాకు తెలీదా? నాకు నువ్వంటే భయం లేదు. నాకు భయం... వెనక కన్నంలో నుంచి ఊ కొట్టేటోడంటే."

"ఊ అనింది నేను గదరా..."

"నువ్వు కాదు మామా. నువ్వు ముందర ఉంటివి. ఊ అనేది వెనకనుంచి వస్తాండె."

గాలి లేదు. నెగడులో కట్టె చిటపటలాడింది.

"మరి ఆ దీపావళికి... నేను చెప్పమంటే ఎందుకు చెప్తివిరా?"

"నువ్వు చెప్పమంటే చెప్పేటోణ్ణి కాదు. నువ్వు చెప్పమన్నాక, పైనుంచి 'ఊ' అనె." ఓబిలేషు గొంతు ఇంకా తగ్గించాడు. "ఆఖరు చెప్పలేదు గదా మామా?"

పెద్దన్న టాకీసు దిక్కుకు తిరిగాడు. ఆ కన్నం వెనక మనిషి నిలబడడానికి నేల లేదని అప్పుడు గుర్తొచ్చింది.

మర్నాడు సాయంత్రం అరుగెక్కాడు. మాస్టరు రైలు దిగాడు. పాట వినిపించింది. "ఈ పాట నీకెవరు నేర్పినారు?" అని అడిగాడు...

"తర్వాత?" అన్నాడు మద్దిలేటి.

తర్వాత ఏమీ లేదు. తలలో తెల్ల తెర. పెద్దన్న నోరు తెరిచి నిలబడ్డాడు. జనం కాసేపు చూశారు, ఒకడు ఈల వేశాడు. ఇంకొకడు నవ్వాడు. నాగలక్ష్మమ్మ నవ్వలేదు. లేచి వచ్చి, ఆయన చెయ్యి పట్టుకుని అరుగు దింపి ఇంటికి నడిపించుకుపోయింది.

ఆయన "పోదాం" అనలేదు, "వద్దు" అనలేదు. ట్రాక్టరు కదల్లేదు. ఆ వారానికే సినిమా దుర్గం నుంచి వెళ్లిపోయింది. ఆయన మళ్లీ ఏ సినిమాకూ పోలేదు. మళ్లీ కరువొచ్చిన ఏడు, మంచంలో, పక్కన కూర్చున్న ఓబిలేషును రోజూ ఒకే మాట అడిగేవాడట. ఏ మాటో చెప్పనక్కరలేదు. ఓబిలేషు ఏదో ఒక ఆఖరు కల్పించి చెప్పేవాడు. ఆయన విని, "అది కాదురా" అనేవాడు.

ఆయన పోయాక బ్యాటరీ లైటు ఓబిలేషుకు వచ్చింది. మడ్గార్డు మీది చోటు నాగలక్ష్మమ్మకు ఇచ్చారు. ఊళ్లో ఆ చోట కూర్చున్న మొదటి ఆడమనిషి ఆమే. చేనును అన్నదమ్ముల కొడుకులు పంచుకున్నారు. తెల్ల దుప్పటి నల్లమ్మవ్వ తీసుకుంది. మాస్టరు కూతురి కథ, ఆఖరుతో సహా, ఆంజినప్పకు పోయింది.

పెద్దన్నకు ఏమీ మిగల్లేదు.